అండాలమ్మ బిళ్ళ

జూన్ 13, 1969

దవాఖానలో నన్ను అండాలమ్మ అంటున్నారు.

ఎడమ చేత్తో రాస్తున్నాను. ఇవాళ్టికి ఇంతే.

జూన్ 15

నర్సమ్మ పిలిస్తే పలకలేదు. నిద్రపోయాననుకుంది. పక్క మంచం ఆమె తట్టి, "అండాలమ్మా, నిన్నే పిలుస్తుండ్రు" అని చెప్పింది. కట్టు విప్పారు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు లేవు. బొటనవేలు ఉంది, చిటికెన వేలు ఉంది. కుడి చెయ్యే.

జూన్ 16

అండాలమ్మ మీద నాకు కోపం లేదు.

జూన్ 21

ఎడమ చెయ్యి కొంచెం మాట వింటోంది. రేపు ఎవరైనా అడిగితే తడబడకుండా చెప్పాలి కాబట్టి జరిగింది వరుసగా రాసుకుంటున్నాను.

మా డబ్బాల కంపెనీలో ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. లోపలికి పోయేటప్పుడు గేటు దగ్గరి కొక్కెం నుంచి తీసి పెట్టెలో వేస్తే హాజరు. కొక్కేనికే వేలాడుతుంటే గైరుహాజరు. ప్రత్యేక రాష్ట్రం గొడవలు మొదలైన దగ్గర్నుంచి బస్సులు ఏ రోజు నడుస్తాయో, ఏ రోజు తగలబడతాయో తెలియడం లేదు. మన్సూరాబాద్ నుంచి, నాదర్‌గుల్ నుంచి వచ్చేవాళ్ళు దారిలోనే చిక్కుకుపోతున్నారు. అందుకని ఆడవాళ్ళం మాలో మేమే ఒక ఏర్పాటు చేసుకున్నాం. దగ్గరున్నవాళ్ళు దూరం వాళ్ళ బిళ్ళ వేసి వాళ్ళ పని చేసిపెట్టాలి. రోడ్లు తెరిచాక వాళ్ళు మన బిళ్ళ వేసి ఆ రోజు తీర్చాలి. హాజరు రాసే సీతారాములుకు ఈ సంగతి తెలుసు. పెట్టెలో బిళ్ళలూ లోపల మనుషులూ సరిపోతే అతను ఇంకేమీ అడగడు.

బందు రోజున సేటు గేటుకు తాళం వేయించి లోపల పొద్దుటి షిఫ్టు నడిపించాడు. నాది మధ్యాహ్నం షిఫ్టు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉంటాను కాబట్టి పొద్దున్నే వెళ్ళి, మన్సూరాబాద్‌లో ఉండే అండాలమ్మ బిళ్ళ వేశాను. అండాలమ్మ ప్రెస్సు మీద డబ్బా మూతలు కొడుతుంది. చేయి తిరిగిన మనిషి, కంపెనీ పెట్టినప్పటి నుంచీ ఉంది. నేను చేరి రెండేళ్ళు, డబ్బాలు తుడిచి సర్దే పని. ప్రెస్సు మీద అంతకుముందు రెండుసార్లు కూర్చున్నాను, చేతకానిదాన్నేమీ కాదు. బయట ఊరేగింపు వస్తోందని ఎవరో అన్నారు. నేను తల ఎత్తలేదు. రేకు పెట్టాను, కాలితో నొక్కాను.

సీతారాములే రిక్షాలో వేసుకొచ్చాడు. పెట్టెలో పడింది అండాలమ్మ బిళ్ళ కదా, కంపెనీలో ఉన్న అండాలమ్మ బీమా కార్డు చూపించి ఆ పేరుతోనే చేర్పించాడు. మధ్యాహ్నానికి కర్ఫ్యూ పెట్టారు. నా షిఫ్టు నడవనే లేదు. నా బిళ్ళ కొక్కేనికే ఉంది. కాగితాల ప్రకారం ఆ రోజు నేను ఇంట్లో ఉన్నాను.

జూన్ 28

పక్క మంచం ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. నా పేరు పెట్టి గట్టిగా ప్రార్థిస్తుంటే నర్సమ్మ వింతగా చూసింది.

అండాలమ్మ రాలేదు. బస్సులు లేవు కదా.

జూలై 9

ఇంటికి వచ్చి వారమైంది. ఇవాళ సీతారాములు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. మనిషి చెడ్డవాడని అనలేను. చెమటలు కక్కుతూ వచ్చాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"చూడమ్మా రెబెక్క, అయ్యిందేదో అయ్యింది. కాయితాల మీద దెబ్బ తాకింది అండాలమ్మకు. గట్లనే ఉండనీ. ఆమె కూలి అయిదు రూపాలు, నీది మూడు. బీమావోళ్ళు పైసలు కూలిని బట్టి కడ్తరు. ఆమె పేరు మీదనైతే నీకు బతికినన్నాళ్ళు ఎక్కువ వస్తది. ఆమె నీ పేరు మీద కంపెనీల పని జేస్తది. ఎవ్వలికీ నష్టం లేదు."

"అండాలక్క ఒప్పుకున్నదా?"

"ఆమెకు చెప్పినంకనే నీకాడికొచ్చిన."

మా ఆయన యెహెజ్కేలు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మేస్త్రీ పని, బందుల పుణ్యమా అని నెలలో సగం రోజులు ఇంట్లోనే. "పేరుదేముందే? పైసలు రావాలె గాని" అన్నాడు.

మా అత్త ఎలీశమ్మ బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "పరలోకంల దేవుడు హాజరు పిలుస్తడు గద. రెబెక్క అంటె పలుకుతవా, అండాలమ్మ అంటె పలుకుతవా? ఆడ గూడ సీతారాములునే కూసోపెట్టిండ్రా?"

సీతారాములు నవ్వలేదు. యెహెజ్కేలు నవ్వాడు. బత్తాయిలు మాత్రం తీపిగా ఉన్నాయి.

జూలై 10

ఒప్పుకుందామనే ఉంది. అయిదు రూపాయల మనిషిని కావడమంటే మాటలా?

కానీ ఒకటి తెగడం లేదు. డబ్బు అండాలమ్మ బతికున్నంతకాలమే వస్తుంది. రేపు ఆమె కాలం చేస్తే నా వేళ్ళు మళ్ళీ మొలిచాయని లెక్క. ఆమెకు జలుబు చేసినా నేను మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేయాలి. ఇదేం బతుకు.

జూలై 24

బీమా ఆఫీసుకు వెళ్ళాం. మలక్‌పేట దాకా నడిచాక బస్సు దొరికింది. యెహెజ్కేలు దారి పొడుగునా ఒకటే చెప్పాడు, పిలిచినప్పుడు టక్కున లేవమని.

"అండాలమ్మగారూ" అని పిలిచారు. లేచాను.

కిటికీ వెనక గుమాస్తా పేరు విశ్వేశ్వరరావు, కోస్తా మనిషి. ఆయన నోరు తెరిస్తే వరుసలో ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూస్తున్నారు. అందుకే కాబోలు చాలా మెల్లగా మాట్లాడుతున్నాడు. "ఇక్కడ వేలిముద్ర వేయండమ్మా, ఎడమ బొటనవేలు చాలు" అంటూ సిరా మెత్త జరిపాడు.

"నాకు రాయొస్తది."

"అయితే మరీ మంచిది. సంతకం పెట్టండి."

నల్లగొండ మిషన్ బడిలో ఎనిమిది దాకా చదివాను. వేలిముద్ర వేస్తే మా టీచరమ్మ సమాధిలోంచి లేచి వస్తుంది. కలం తీసుకున్నాను. ఈ నెలన్నరలో ఎడమ చేతికి నేర్పిన పేరు ఒక్కటే. అది కాని పేరు రాయాలి. 'అ' రాసి ఆగాను. యెహెజ్కేలు మోచేత్తో పొడిచాడు.

"నేను అండాలమ్మను గాను సార్. నా పేరు రెబెక్క. వేళ్ళు పోయినవి నావే."

ఇది చెప్పాలని ఇంట్లో అనుకుని వెళ్ళలేదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక మాత్రం చాలా తేలికైంది.

విశ్వేశ్వరరావుగారు కాగితం వెనక్కి తీసుకున్నాడు. "డబ్బు చేతిలో పడకముందే చెప్పారు, అదృష్టవంతులు. తీసుకున్నాక అయితే మీ మీదే కేసు అయ్యేదండీ" అన్నాడు. నన్ను పక్కన బల్ల మీద కూర్చోమని, వరుస అయిపోయాక పిలిచాడు. లెక్క ఎట్లా కడతారో నాకు అర్థమయ్యేటట్టు చెప్పమని అడిగాను. చెప్పాడు.

"కంపెనీ వారం వారం మీ కార్డు మీద స్టాంపులు అతికిస్తుంది కదమ్మా. వాటిని బట్టి మీ సగటు రోజు కూలి తేలుతుంది. ఆ కూలికి ఒక రేటు ఉంటుంది. కూలంతా రాదు, సగానికి కొంచెం పైన. గాయం మానేదాకా ఆ రేటు పూర్తిగా ఇస్తాం. మానాక బోర్డు డాక్టర్లు చెయ్యి చూసి, సంపాదించే శక్తిలో నూటికి ఎంత పోయిందో రాస్తారు. వాళ్ళు నూటికి ముప్పై అన్నారనుకోండి, రేటులో నూటికి ముప్పై. అది మీరున్నంతకాలం వస్తుంది."

"నా కూలికి రేటెంత సార్?"

"రూపాయి ఎనభై వస్తుందండీ."

"అండాలమ్మకైతే?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మూడు రూపాయలు" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, "మీ పేరు మీద రావాలంటే ముందు ఆ రోజు మీరు పనిలో ఉన్నారని రుజువు కావాలి. హాజరులో మీరు లేరు. ఇన్‌స్పెక్టరుగారు మీ కంపెనీకి విచారణకు వస్తారు. ఆ రోజు ప్రెస్సు మీద ఉన్నది మీరేనని చెప్పే మనిషిని చూసుకోండి" అన్నాడు.

తిరుగు బస్సులో యెహెజ్కేలు నాకు దూరంగా వేరే సీట్లో కూర్చున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాక, "ఆంధ్రాయన ముందట మన ముచ్చట్లన్నీ అవసరమా?" అన్నాడు. ఇంట్లోకి వచ్చాక కట్టు మార్చింది మాత్రం అతనే.

ఆగస్టు 3

ఎవరు చెబుతారు? అందరి బిళ్ళలూ ఏదో ఒక రోజు ఇంకొకరు వేసినవే. ఒకరు నోరు తెరిస్తే అందరి కూలి పోతుంది. ఇద్దరిని అడిగాను. ఒకామె ఏడ్చింది. ఇంకొకామె నేను వస్తున్నానని చూసి తలుపేసుకుంది. వాళ్ళను ఏమనాలి.

చెప్పగలిగింది ఒక్కతే. ఆమె మీద నాకు కోపం లేదు.

ఆగస్టు 14

జూన్‌లో వరుసగా రాశానన్నాను కానీ ఒకటి వదిలేశాను.

ప్రెస్సుకు ముందు ఒక ఇనుప జాలీ ఉంటుంది. కాలితో నొక్కగానే ముందు జాలీ దిగి చేతిని వెనక్కి తోస్తుంది, తర్వాతే అచ్చు పడుతుంది. జాలీ దిగి లేచేసరికి ఆలస్యం. మూతలు ఎక్కువ పడితే పైన కొంత ఇస్తారు కాబట్టి ప్రెస్సు ఆడవాళ్ళు జాలీని పైకెత్తి కట్టేస్తారు. వాళ్ళ చేతులకు అలవాటు. నేను ముందు రెండుసార్లు కూర్చున్నప్పుడు జాలీ దిగే ఉంది. ఆ రోజు కట్టి ఉందని నాకు తెలియదు. కింద పడ్డాక పైకి చూస్తే ఎర్ర పేలిక కనిపించింది. అండాలమ్మ పాత చీర కొంగు. నిరుడు బతుకమ్మకు కట్టుకుంది, నాకు బాగా గుర్తు.

కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోంది.

ఆగస్టు 31

ఆదివారం. గుడిలో ప్రార్థన అయ్యాక ఇంటికి రాకుండా నేరుగా మన్సూరాబాద్ నడిచాను. ఎల్.బి.నగర్ దాటాక ఎండ మాడ్చేసింది. మూడు నెలలుగా ఆమె నా దగ్గరికి రాలేదు కాబట్టి నేనే వెళ్ళాను. ఎవరో ఒకరు నడవాలి.

అండాలమ్మ వాకిట్లో గిన్నెలు తోముతోంది. భర్త దశరథ నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. లారీ నడుపుతాడు, గొడవల్లో లారీ తగలబడ్డాక పని లేదు. నన్ను చూసి మంచం ఖాళీ చేసి బయటికి వెళ్ళిపోయాడు. ఆమె "రా రెబెక్క, కూసో" అంది కానీ నా చెయ్యి వైపు చూడలేదు.

"దవాఖానకు ఒక్కసారన్న రాకపోతివి అక్కా" అన్నాను. ఇలా మొదలుపెట్టాలనుకోలేదు.

"ఒచ్చిన. మూడోనాడే ఒచ్చిన, ఈణ్ణుంచి నడుసుకుంట. గేటుకాడ, అండాలమ్మను చూడాలె అన్న. నువ్వెవరు, పేరేంది అన్నడు ఆయన. ఏం చెప్పాలె నేను? నిలవడి నిలవడి మళ్ళొచ్చిన."

ఆమె గిన్నె తోముతూనే ఉంది, తళతళలాడుతున్న గిన్నెనే మళ్ళీ మళ్ళీ.

"విచారణకొస్తరట. ఆనాడు నువ్వు లేవని చెప్పాలె."

"చెప్తె నన్ను తీసేస్తరు. ఆయనకు చూస్తె పని లేకపాయె. నీకు ఎక్కువ పైసలొచ్చే తొవ్వ ఉన్నది గద రెబెక్క. నేను నీ పేరు మీద మూడు రూపాలకు జేస్త, నాకు ఒప్పుదల."

"నాకు ఒప్పుదల గాదు. వేళ్ళు పోయినయి, పేరు గూడ పోవాల్నా? చెప్పకుంటె నేను ఆడ లేనట్టే. మరి ఈ చెయ్యి యాడ పోయినట్టు?"

ఆమె గిన్నె బోర్లించి ఇంకోటి అందుకుంది.

"అక్కా, ఆ ఎర్ర పేలిక నీదే గద."

లేచి లోపలికి వెళ్ళి పొయ్యి ముట్టించింది. చాయ్ పెడుతున్నానంది. పొగకు దగ్గుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నేను చాయ్ తాగకుండానే వచ్చేశాను. కోపం వచ్చి కాదు. పొద్దు పోతోందని.

సెప్టెంబరు 17

రేపు విచారణ. ఎవరూ చెప్పకపోయినా నేను చెబుతాను. ఒక్కదాన్నే చెబితే నమ్మరని యెహెజ్కేలు అంటున్నాడు. నమ్మకపోతే మళ్ళీ చెబుతాను. అర్జీ పెడతాను. ఎడమ చేత్తో పెడతాను, చదవడానికి వాళ్ళు తిప్పలు పడతారు.

సెప్టెంబరు 18

సేటు గదిలో ఇన్‌స్పెక్టరు, సీతారాములు, నేను. నేను వరుసగా చెప్పాను, తడబడలేదు.

సీతారాములు నేల చూపులు చూస్తూ, "ఈమె ఆనాడు రాలేదు సార్, బిళ్ళ కొక్కేనికే ఉండె" అన్నాడు. మరి దవాఖానలో చేర్పించింది ఎవరినయ్యా అని ఇన్‌స్పెక్టరు అడిగితే, హడావుడిలో కార్డు మారిందనీ, ఈమె ఇంటి దగ్గర దెబ్బ తగిలించుకుని గేటుకు వస్తే జాలిపడి తీసుకుపోయాననీ చెప్పాడు. ఇంత కథ అతను ఒక్కడే అల్లలేడు. సేటు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఇద్దరు ఆడవాళ్ళను పిలిచారు. గుర్తు లేదన్నారు. తర్వాత అండాలమ్మను పిలిచారు.

ప్రెస్సు మీది నుంచి నేరుగా వచ్చింది, కొంగు నడుముకు చెక్కుకుని.

"ఆ రోజు నువ్వు పనిలో ఉన్నావా?"

"నా బిళ్ళ ఉండె సార్."

"బిళ్ళ సంగతి కాదమ్మా, నువ్వు ఉన్నావా?"

ఆమె నన్ను చూసింది. నా మొహం కాదు, చెయ్యి. జూన్ తర్వాత ఆమె నా చెయ్యి చూడడం అదే మొదలు. చాలాసేపు చూసి, తన రెండు చేతులూ బల్ల మీద పరిచింది. పది వేళ్ళూ, నూనె మరకలతో.

"నేనుంటె ఈ వేళ్ళుంటయా సార్? నా బదులు ఈమె కూసున్నది. జాలీ కట్టింది గూడ నేనే. ముందటినాడు బందు ముచ్చట ఇని పరేషాన్ల ఇంటికి పోయిన, విప్పుడు మర్చిన."

ఆమె మాటలు తడబడ్డాయి, కానీ ఇన్‌స్పెక్టరు అన్నీ రాసుకున్నాడు. ఎందుకు కట్టావని అడిగితే, "మూతలు ఎక్కువ పడ్తయని. అందరం కడ్తం. సేటుకెర్కే" అంది. సేటు అప్పుడు కిటికీ వదిలి తిరిగి చూశాడు.

నేను ఏడవలేదు. ఇంటికి వచ్చాక ఏడ్చాను. అత్త వచ్చి పక్కన కూర్చుంది.

అక్టోబరు 7

నా కేసు నా పేరు మీదికి మారింది. అండాలమ్మను పనిలోంచి ఆపేశారు. రెండు కబుర్లూ ఒకే పూట తెలిశాయి. అన్నం సయించలేదు.

నవంబరు 12

బోర్డు. చెయ్యి బిగదీసుకుని ఉండు, కదలదని చెప్పు అని యెహెజ్కేలు పొద్దున నేర్పించి పంపాడు. డాక్టర్లు బొటనవేలు, చిటికెన వేలు కలపమన్నారు. కలిశాయి. రూపాయి బిళ్ళ తీయమన్నారు. తీశాను, ఒకసారి జారింది. ఉన్నదే చూపించాను. మూడు వేళ్ళకు పుస్తకంలో రాసిన లెక్క ఉందట. నూటికి ముప్పై అన్నారు. అంటే రోజుకు యాభై నాలుగు పైసలు.

బయట మెట్ల మీద అండాలమ్మ కూర్చుని ఉంది. నేను రమ్మనలేదు.

"ఎంతిచ్చిండ్రు?"

"ముప్పై. రోజుకు యాభై నాలుగు పైసలు."

వేళ్ళ మీద లెక్క వేసుకుంది. "నా పేరు మీదనైతే తొంభై పైసలొచ్చు."

"నీ వేళ్ళయితే ఒచ్చు" అన్నాను.

ఆమె వేళ్ళు ముడుచుకుంది. మాట గట్టిగానే తగిలింది. తగలాలనే అన్నాను. కాసేపటికి చెప్పింది, ప్రెస్సు కొట్టేవాళ్ళు దొరక్క సేటు మళ్ళీ పిలిపించాడట. కొత్తగా చేరినట్టు, మూడు రూపాయలకు. జాలీలన్నీ దించి తాళాలు వేయించారట, మూతలు తక్కువ పడుతున్నాయని ఆడవాళ్ళు ఆమెతో మాట్లాడడం మానేశారట. నన్ను కూడా తిడుతున్నారట. తిట్టుకోనీ. వాళ్ళ వేళ్ళు వాళ్ళకున్నాయి.

కొంగు ముడి విప్పి ఎర్ర పేలిక తీసింది. "పారేద్దామని మూసీ దాక పోయిన. చెయ్యి రాలే. ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు" అంది.

"ఇటియ్యి" అన్నాను. ఎందుకు అడిగానో అప్పుడు తెలియదు.

డిసెంబరు 5

రేపు మొదటి డబ్బు. పది రోజుల నుంచి ఒక పని చేస్తున్నాను. కలాన్ని బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య పెట్టి, అరచేతి చుట్టూ పేలికతో గట్టిగా కడితే నిలుస్తుంది. దారం కోసుకుపోతోంది, గుడ్డ పట్టీ జారిపోతోంది. ఇది జారడం లేదు. ముడి నాకు ఒక్క చేత్తో పడదు. సాయంత్రం షిఫ్టు దిగి ఇంటికి పోయే దారిలో అండాలమ్మ వచ్చి కట్టి పోతోంది. మేం ఎక్కువ మాట్లాడుకోం. ఇవాళ చాయ్ ఇచ్చాను, తాగింది.

ఆమె మీద నాకు కోపం ఉండేది. జూన్ నుంచీ ఉంది. కట్టిన జాలీని ఆమె ఎట్లా మరిచిందని ఉంది. ఇంకా కొంచెం ఉంది.

డిసెంబరు 6

విశ్వేశ్వరరావుగారు అలవాటుగా సిరా మెత్త జరిపాడు. పొద్దున్నే అండాలమ్మ వచ్చి నా చేతికి కట్టిపోయిన కలం చూసి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. వెనక వరుస పెద్దదే, అయినా తొందరపెట్టలేదు. మూడు అక్షరాలకు చాలాసేపు పట్టింది. ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, కుడి చేత్తో.

రెబెక్క